సరస్సు ఎవరిది, ఖర్చు ఎవరిది?

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో భారతీయులు, వారిలో తెలుగువాళ్లు, ఎక్కువగా కనిపించే పేట లేక్ హయవాతా. రాకవే నదికి అడ్డుకట్ట వేసి నిలిపిన సరస్సు వల్ల పేటకు ఆ పేరు వచ్చింది. ఆ సరస్సు ఇప్పుడు లేదు. ఊళ్లోనే ఉన్న లేక్ పార్సిప్పనీ ఇళ్ల యజమానుల సంఘానిది. ఊరి అంచున ఉన్న బూంటన్ రిజర్వాయరు నీళ్లు జెర్సీ సిటీవి. ఐ-80 మీద పడమరగా అరగంట వెళితే వచ్చే హపాట్‌కాంగ్ రాష్ట్రంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు. ఒకటి పోయింది, ఒకటి సంఘానిది, ఒకటి వేరే నగరానిది, ఒకటి అందరిదీ. ఇలాంటి నీటిని బాగుచేయడానికి ప్రభుత్వ ఖజానా నుంచి డబ్బు ఇవ్వాలా, ఇస్తే ఏ షరతు మీద ఇవ్వాలి అన్నదే ఈ సంవాదం.

మాట్లాడేవాళ్లు ఇద్దరు. నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరై, ఏలూరు నుంచి వేసవికి ఇక్కడికి వచ్చిన బాబాయి. ఆయన అన్నగారి కూతురు, పార్సిప్పనీలో స్థిరపడి, సెలవు రోజుల్లో సరస్సుల నీటి నమూనాలు తీసే అమ్మాయి.

అమ్మాయి: బాబాయ్, 2019 జూన్ 27న రాష్ట్ర పర్యావరణ శాఖ హపాట్‌కాంగ్ నీళ్లలోకి ఎవరూ దిగవద్దని హెచ్చరిక ఇచ్చింది. నీలి ఆకుపచ్చ నాచు అంటామే, ఆ సయనోబ్యాక్టీరియా సరస్సును కమ్మేసింది. తాకితే దద్దుర్లు, మింగితే వాంతులు. కుక్కలు తాగితే వాటి ప్రాణానికే ముప్పు. సరిగ్గా జులై 4 పండుగ ముందు వచ్చిన హెచ్చరిక అది. వేసవి మీదే బతికే పడవల రేవులు, హోటళ్లు ఆ ఏడాది దెబ్బతిన్నాయి. సుమారు 2,500 ఎకరాల సరస్సు. దాని చుట్టూ రెండు కౌంటీలు, నాలుగు మునిసిపాలిటీలు. ఆ నాలుగింట్లో ఏ ఒక్కటీ తన పన్నులతో దాన్ని బాగుచేయలేదు. ప్రభుత్వం కాక ఇంకెవరు చేస్తారు?

బాబాయి: నష్టం జరిగిందని నేనూ ఒప్పుకుంటానమ్మా. కానీ ఆ నష్టం ఎవరిది, బాగుపడితే లాభం ఎవరిది అని లెక్క తీయకుండా ప్రభుత్వం మీద వేయడం సరికాదు. నీళ్లు తేటపడితే ఇంటి ధర పెరిగేది ఒడ్డున ఇల్లున్నవాడికి. మీ వీధిలో అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకుని ఉన్న కుర్రాడు ఏనాడూ ఆ ఒడ్డుకు వెళ్లడు. అతని పన్నుతో ఆ ఇంటి విలువ పెంచడం ఏ న్యాయం? అంతదాకా ఎందుకు, మీ లేక్ పార్సిప్పనీ సంగతే చూడు. 1930ల్లో న్యూయార్క్ పత్రిక డైలీ మిర్రర్ వేసిన వేసవి కాలనీ కోసం తయారైన సరస్సు అది. దాని ఖర్చుకు చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరూ కట్టి తీరాలంటే వ్యవహారం కోర్టుదాకా పోయింది. పక్కనున్న సరస్సుకే కట్టబోమన్నవాళ్లు వేరే ఊళ్ల సరస్సుకు ఎందుకు కట్టాలి?

అమ్మాయి: ఆ రెండింటికీ తేడా ఉంది. లేక్ పార్సిప్పనీలో ఈత కొట్టాలంటే సంఘంలో సభ్యులై ఉండాలి. హపాట్‌కాంగ్ ఒడ్డున రాష్ట్ర పార్కు ఉంది. మీ అపార్ట్‌మెంటు కుర్రాడు రేపు పొద్దున్నే వెళ్లి దిగొచ్చు. పైగా ఆ సరస్సు ఇంత పెద్దదైంది మోరిస్ కాలువ కోసం. 1820ల్లో ఆనకట్ట ఎత్తు పెంచి, పెన్సిల్వేనియా బొగ్గును తూర్పు రేవులకు చేరవేసే పడవలకు ఆ నీళ్లు వదిలారు. 1922లో రాష్ట్రం ఆ కాలువ ఆస్తుల్ని తీసుకుంది. ఆస్తి రాష్ట్రానిదైనప్పుడు మరమ్మతు కూడా రాష్ట్రానిదే కదా. సరస్సు వదిలే నీళ్లు మస్కనెట్‌కాంగ్ నదిగా మారి డెలావేర్‌లో కలుస్తాయి. అంటే ఇందులో దిగువవాళ్లకీ వాటా ఉంది.

బాబాయి: సరే, అందరూ దిగగలిగే నీటికి అందరి డబ్బు. ఆ మాట షరతుగా రాసుకుందాం: ప్రజలకు దారి లేని సరస్సుకు ప్రజల సొమ్ము లేదు. ఇప్పుడు అసలు మాటకు వస్తాను. డబ్బు ఇచ్చాక ఏమవుతుందో నేను పని కొలతలు ఎక్కించే ఎం-బుక్కుల్లో రాసినవాణ్ని. చెరువు పేరు మీద డబ్బు రాగానే అది కంటికి కనిపించే పనిలోకి పోతుంది. పూడికతీత, కట్ట మీద నడక దారి, దీపాలు. పూడిక తీస్తే క్యూబిక్ మీటర్లు కొలిచి బిల్లు పెట్టొచ్చు. నాలాలోకి మురుగు రాకుండా ఆపితే ఏం కొలుస్తావు? రాని మురుక్కి బిల్లు ఎవడు పాస్ చేస్తాడు? హుస్సేన్ సాగర్ చూడు. 2006లో జపాన్ రుణంతో సుమారు 370 కోట్ల రూపాయల పథకం మొదలైంది. నాలాలు మళ్లించారు, పూడిక తీశారు. కూకట్‌పల్లి నాలా నుంచి వచ్చేది మాత్రం పూర్తిగా ఆగలేదు.

అమ్మాయి: మీ అనుభవాన్ని నేను కాదనను. కానీ అది డబ్బు పెట్టకూడదని చెబుతోందా, తప్పు చోట పెట్టకూడదని చెబుతోందా? నేను నమూనాలు తీస్తూ నేర్చుకున్నది ఇదే. సరస్సు ఒడ్డు దగ్గర మొదలవదు. వాన ఏ పెరట్లో పడి జారితే ఆ నీళ్లు సరస్సుకు చేరతాయో, ఆ పెరటి నుంచే మొదలవుతుంది. హపాట్‌కాంగ్‌ను చంపుతున్నది భాస్వరం. పచ్చిక మీద చల్లిన ఎరువు, రోడ్డు మీద కుళ్లిన ఆకులు, కుక్కల పెంట, ఒడ్డు చుట్టూ సెప్టిక్ ట్యాంకుల నుంచి ఇంకే నీరు, అన్నిట్లోనూ అదే. ఒక్క పౌను భాస్వరం వందల పౌన్ల నాచును పెంచగలదు. ఇన్నేళ్లుగా అడుగున చేరిన మట్టి కూడా వేసవిలో ఆక్సిజన్ తగ్గగానే తనలో దాచుకున్న భాస్వరాన్ని పైకి వదులుతుంది. అందుకే 2020లో ల్యాండింగ్ చానెల్ దగ్గర భాస్వరాన్ని పట్టి ఉంచే ఫాస్‌లాక్ అనే బంకమట్టి చల్లి చూశారు. ఒడ్డు ఇల్లు కొన్నవాడికి ఈ లెక్కలో ఉన్న బాధ్యత ఎంత? కొండ మీద మూడో వీధిలో పచ్చిక పెంచుకుంటున్నవాడి బాధ్యత ఎంత?

బాబాయి: అయితే ఆ మూడో వీధివాడే కట్టాలి! పాడు చేసినవాడు కట్టాలన్నది చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే న్యాయం. 2019 మార్చిలో మీ రాష్ట్రం ఒక చట్టం చేసిందని నువ్వే చెప్పావు. ఎంత కప్పు, ఎంత సిమెంటు నేల ఉంటే అంత రుసుం వసూలు చేసి వాన నీటి కాలువలు బాగుచేసుకునే అధికారం ఊళ్లకు ఇచ్చారు. దానికి జనం వాన పన్ను అని పేరు పెట్టి వ్యతిరేకించారు. రుసుం అంటే కోపం, గ్రాంటు అంటే ఇష్టం. గ్రాంటు కూడా తమ పన్నేనని ఎవరికీ గుర్తుండదు. ప్రభుత్వ డబ్బు ఊరికే వస్తుంటే ఏ ఊరు ధైర్యం చేసి రుసుం వేస్తుంది?

అమ్మాయి: ఊళ్లు ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటాయి బాబాయ్, అదే చిక్కు. సరస్సు చుట్టూ ఉన్న ఆ నాలుగింట్లో జెఫర్సన్ తన కాలువలు బాగుచేసుకుని హపాట్‌కాంగ్ బరో చేసుకోకపోతే సరస్సు పచ్చగానే ఉంటుంది. రాక్స్‌బరీ, మౌంట్ ఆర్లింగ్టన్ కూడా అదే లెక్క వేసుకుంటాయి. నలుగురిలో ఎవరూ ముందడుగు వేయరు. అందుకే 2001లో రాష్ట్రం హపాట్‌కాంగ్ కమిషన్ పెట్టింది. నలుగురినీ కూర్చోబెట్టాలంటే పైనుంచి డబ్బూ కావాలి, అధికారమూ కావాలి. 2019 నవంబరులో గవర్నర్ మర్ఫీ రాష్ట్రం మొత్తానికి ఒక కోటీ 35 లక్షల డాలర్లు ప్రకటించారు. అందులో 25 లక్షలు సరస్సుల బాగుకు, 10 లక్షలు పరీక్షలకు, మిగతా కోటి మురుగు, వాన నీటి వ్యవస్థలు మెరుగుపరిచే రుణాల మాఫీకి. మీరు కోరే లెక్క ఇదే కదా? పెద్ద వాటా సరస్సు బయటే ఖర్చు కావాలని.

బాబాయి: పంపకం బాగుంది. కానీ రాష్ట్రమంతటికీ కోటి డాలర్లంటే ఎన్ని ఊళ్ల మురుగు తీరుతుంది? నాచు పత్రికలకెక్కిన ఏడాది ఇచ్చిన డబ్బు అది. నాచు లేని ఏడాది ఎవరిస్తారు? మా కొల్లేరు కథ చెబుతాను విను. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. వాటి వెనక డబ్బున్నవాళ్లు వచ్చి సరస్సును చెరువుల కట్టలతో నింపేశారు. 1999లో జీవో 120తో +5 కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో కట్టలు పేల్చారు. ఆ తర్వాత చెరువులు మళ్లీ వచ్చాయి. తవ్వడానికి ప్రభుత్వ ఖర్చు, పేల్చడానికి ప్రభుత్వ ఖర్చు. లేచిన కట్టను లేచిన వారంలోనే ఆపే ఉద్యోగికి మాత్రం జీపు ఉండదు, జీతం సరిగా రాదు. అందుకే డబ్బు అనగానే నాకు భయం.

అమ్మాయి: మీరు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. లోపించింది డబ్బు కాదు, కాపలా. పని చేయకుండా ఊరుకున్నా ప్రభుత్వ ఖర్చు తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ మునిగింది. ఆ వాగు చివరకు చేరేది కొల్లేరుకే. పడవలు, ఆహార పొట్లాలు, నష్ట పరిహారం, అన్నీ ఖజానా నుంచే వచ్చాయి. నీటికి ముందు పెట్టని డబ్బు తర్వాత పెట్టక తప్పదు. ఇక డబ్బు ఫలితం ఇవ్వదన్న మాటకు ఈరీ సరస్సును చూపిస్తాను. 1969లో దానిలో కలిసే కయహోగా నది మీద నూనె తెట్టు అంటుకుని మండింది. ఈరీ చచ్చిపోయిన సరస్సు అని రాశారు. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం కుదుర్చుకున్నాయి; అదే ఏడాది పరిశుభ్ర జలాల చట్టం వచ్చింది. పురపాలక మురుగు శుద్ధి కేంద్రాల ఖర్చులో 75 శాతం ఫెడరల్ ప్రభుత్వం భరించింది. చుట్టూ ఉన్న రాష్ట్రాలు సబ్బుపొడిలో ఫాస్ఫేటు తగ్గించాయి. 1980ల నాటికి ఈరీ తేరుకుంది.

బాబాయి: తేరుకున్న ఈరీ మళ్లీ ఎందుకు పచ్చబడింది? 2014 ఆగస్టులో, ఈరీ నీళ్లే తాగే టొలీడో నగరంలో, కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. సుమారు 4 లక్షల మంది రెండు మూడు రోజులు సీసా నీళ్ల కోసం క్యూల్లో నిలబడ్డారు. 2010 నుంచి ఈరీతో సహా మహా సరస్సుల పునరుద్ధరణ పథకం నడుస్తూనే ఉంది. మొదటి ఏడాది 47.5 కోట్ల డాలర్లు, తర్వాత ఏటా సుమారు 30 కోట్ల చొప్పున పోశారు. అంత డబ్బు పోసినా టొలీడో కుళాయి ఆగింది.

అమ్మాయి: ఎందుకు ఆగిందో చూడండి. మొదటిసారి భాస్వరం వచ్చింది మురుగు గొట్టాల నుంచి. గొట్టానికి యజమాని ఉన్నాడు, చట్టం అతన్ని పట్టుకుంది, డబ్బు అతనికి తోడైంది. రెండోసారి వచ్చింది ఈరీలో కలిసే మామీ నది వెంట మొక్కజొన్న, సోయా పొలాల నుంచి. ఆ పొలాల మీద నుంచి జారే నీటికి పరిశుభ్ర జలాల చట్టంలో అనుమతి పత్రం అక్కర్లేదు. రైతులను బతిమాలి, ప్రోత్సాహకాలు ఇచ్చి సరిపెట్టారు. వెనక చట్టం ఉన్నప్పుడు డబ్బు పనిచేసింది. చట్టం లేనిచోట అదే డబ్బు తేలిపోయింది. ఈ రెండూ ఒకే సరస్సులో జరిగాయి, అందుకే ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకదు.

బాబాయి: అయితే చట్టమే చాలు కదమ్మా! 2011లో న్యూజెర్సీ ఎరువుల చట్టం చేసింది. మట్టి పరీక్షలో అవసరమని తేలితే తప్ప పచ్చికకు భాస్వరం వేయకూడదు. చలికాలంలో అసలు ఎరువే వేయకూడదు. దానికి ఖజానా నుంచి పోయిందెంత? పెద్దగా ఏమీ లేదు. ఇంకా ముందుకు వెళ్దాం. మీ ఊరి అంచున ఉన్న బూంటన్ రిజర్వాయరు దగ్గరే ఇలాంటి వ్యాజ్యం నడిచింది. 1904లో ఆ నీళ్లు జెర్సీ సిటీకి పారడం మొదలైంది. ఎగువ ఊళ్ల మురుగు రాకవేలో కలిసి నీళ్లు పాడవుతున్నాయని నగరం నీటి కంపెనీ మీద కోర్టుకెళ్లింది. మురుగు కాలువలు కట్టండి, లేదా ఇంకో ఉపాయం చూపండి అంది కోర్టు. డాక్టర్ జాన్ లీల్ 1908 సెప్టెంబరు 26న నీళ్లలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టాడు. అమెరికాలో ఒక నగరం నీళ్లకు నిరంతరంగా క్లోరిన్ వేయడం అదే మొదలు. 1910లో న్యాయస్థానం దాన్ని ఒప్పుకుంది. ఎగువ ఊళ్లన్నిటికీ కాలువలు కట్టే ఖర్చు తప్పింది, లక్షల మందికి టైఫాయిడ్ ముప్పు తగ్గింది. తక్కువ ఖర్చు ఉపాయం ఉన్నప్పుడు పెద్ద ఎస్టిమేట్లు ఎందుకు?

అమ్మాయి: ఆ కథ అక్కడితో అయిపోలేదు బాబాయ్. 1920ల్లో అదే జెర్సీ సిటీ ఎగువ ఊళ్ల మురుగు తన రిజర్వాయరులో కలవకుండా గొట్టం వేయించి, ఆనకట్టకు దిగువన శుద్ధి కేంద్రం కట్టింది. దిగువ నగరం ఎగువ ఊళ్ల మురుగు ఖర్చు భరించింది. ఎందుకంటే క్లోరిన్ క్రిమిని చంపుతుంది కానీ మురుగును మాయం చేయదు. భాస్వరానికి క్లోరిన్ లాంటి చౌక మందు లేదు. 2011 చట్టం కొత్తగా వేసే ఎరువును ఆపింది. పాత సెప్టిక్ ట్యాంకు నుంచి ఇంకేదాన్ని, 50 ఏళ్ల నాటి వాన కాలువ తెచ్చేదాన్ని చట్టం కాగితం ఆపలేదు. వాటికి గొట్టాలు కావాలి, వడపోత గుంటలు కావాలి, ఏటా వాటిని ఖాళీ చేసే మనుషులు కావాలి. రిటైరైన దంపతుల్ని పట్టుకుని వేల డాలర్లు పోసి ట్యాంకు తీసేసి మురుగు గొట్టానికి కలుపుకోమంటే ఎక్కణ్నుంచి తెస్తారు?

బాబాయి: ఏటా అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నాకు పట్టుదల. మన చెరువులు వందల ఏళ్లు నిలిచాయంటే ఒకసారి కట్టి వదిలేయడం వల్ల కాదు. దశబంధం మాన్యాలు ఉండేవి. చెరువు కట్టినవాడికీ చూసుకునేవాడికీ భూమో, ఆదాయంలో వాటానో రాసి ఇచ్చేవారు. తూము తెరిచి మూసే నీరటికాడికి పంటలో మేర ఉండేది. ఖర్చు పక్కనే ఆదాయం ఉండేది. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులు లెక్కలోకి తీసుకుని, 2015 నుంచి దశలవారీగా పూడిక తీశారు. ఒండ్రును రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకుపోయారు. అది నాకు నచ్చింది. కానీ చెరువు కింద రైతు దానికి ఏటా పెట్టే పద్ధతి తిరిగి రాకపోతే పూడిక మళ్లీ చేరుతుంది. అమెరికాలో కూడా అంతే కదా?

అమ్మాయి: అంతే. 1972 చట్టంలోని 314వ సెక్షన్ కింద పరిశుభ్ర సరస్సుల కార్యక్రమం ఉండేది. 1976 నుంచి సుమారు 14.5 కోట్ల డాలర్లు రాష్ట్రాలకు ఇచ్చారు. 1995 నుంచి దానికి నిధులు రాలేదు. సెక్షన్ పుస్తకంలో అలాగే ఉంది, పద్దులో సొమ్ము లేదు. మహా సరస్సుల పథకం మాత్రం ఎందుకు నిలబడింది? 2017లో వైట్‌హౌస్ దాన్ని పూర్తిగా ఎత్తేయాలని ప్రతిపాదిస్తే ఎనిమిది రాష్ట్రాల సభ్యులు, రెండు పార్టీల వాళ్లూ, అడ్డం నిలిచి 30 కోట్లూ తిరిగి పెట్టించారు. 2021 మౌలిక వసతుల చట్టంలో ఇంకో 100 కోట్లు చేరాయి. హపాట్‌కాంగ్‌కు ఎనిమిది రాష్ట్రాల అండ లేదు. చిన్న సరస్సు గురించి అడిగే గొంతు చిన్నది కాబట్టే దానికి ఏటా వచ్చే నిధిని చట్టంలో రాయాలి.

బాబాయి: నిధి చట్టంలో రాస్తే కొలత కూడా చట్టంలోనే రాయాలి. ఎన్ని ట్రక్కుల పూడిక తీశారన్నది కాదు, సరస్సులోకి వచ్చే భాస్వరం ఎన్ని పౌన్లు తగ్గిందన్నది. అది వాగు వాగుకూ కొలిచి, ఏటా ఊరి ముందు పెట్టాలి. నేను అడిగే ఎం-బుక్కు అదే. ఇంకోటి, ఖజానా డబ్బు రావాలంటే ముందు ఆ ఊళ్లు తమ వాన నీటి రుసుం వేసుకోవాలి. తన చేతి డబ్బు లేనివాడు లెక్క అడగడు.

అమ్మాయి: కొలత విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. రుసుం ముందు, గ్రాంటు తర్వాత అంటే మాత్రం ఒప్పుకోలేను. నాలుగు కౌన్సిళ్లు ఓటు వేసేలోపు ఎన్ని వానలు కురుస్తాయో, అన్ని వానల భాస్వరం అడుగున చేరుతుంది. రెండూ ఒకే చట్టంలో కలిపి రాద్దాం. ఊరు తన రుసుం నుంచి ఒక డాలరు పెడితే రాష్ట్రం రెండు పెట్టాలి. ఆదాయం తక్కువ ఉన్న ఊరికి తన వాటా తగ్గించాలి.

బాబాయి: తగ్గించు. సున్నా చేయకు. ఊరి వాటా సున్నా అయిన రోజు ఆ పని ఊరిది కాకుండా పోతుంది, కాంట్రాక్టరుది అవుతుంది.

అమ్మాయి: సున్నా చేయను. పదేళ్లు డబ్బు పెట్టి, వాగుల్లో భాస్వరం తగ్గలేదని తేలితే, ఆ గ్రాంటు ఆపేయమని అడిగేవాళ్లలో నేనే ముందుంటాను. కానీ భాస్వరం తగ్గుతూ వస్తున్న ఏడాది, నాచు వార్తల్లో లేదని ప్రభుత్వం డబ్బు ఆపితే, అది ద్రోహమని మీరు కూడా నాతో కలిసి అనాలి.

బాబాయి: అంటాను. అలా ఆపిన పనులకు మళ్లీ మొదటి నుంచి ఎస్టిమేట్లు వేసినవాణ్ని నేను. రెండోసారి ఖర్చు ఎప్పుడూ మొదటిదానికంటే ఎక్కువే అవుతుంది.